అడుగు తుడవని జాడీ

సింధువార రాజ్యపు రాకుమారి హేమావళి ఆ సమయానికి ఒక మంచినీళ్ళ కుండలో ఉంది. ఆ కుండ కుమ్మరి ముమ్మడి నెత్తి మీద ఉంది. ముమ్మడి మాత్రం ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పెంకులకొండ వైపు పరుగెడుతున్నాడు.

రాకుమారికి కుండలో ఏం పని అని అడిగేవారికి రెండు మాటల్లో చెబుతాను. కాలధూముడనే మాంత్రికుడు ఆమెను పెళ్ళాడతానంటూ కొలువుకు వచ్చాడు. ఆమె నిండుసభలో పకపకా నవ్వింది. ఆ నవ్వు పూర్తికాకుండానే వాడు మంత్రం చదివి ఆమెను గుప్పెడు నీలిపొగగా మార్చేశాడు. ఆ పొగను పీల్చి మింగేస్తే ఆమె ఆయుష్షంతా వాడిదవుతుంది. వాడు నోరు తెరిచేసరికి, వంటశాలకు కుండలు దింపడానికి వచ్చిన ముమ్మడి, తానేం చేస్తున్నాడో తనకే తెలియకుండా చేతిలోని కుండను పొగ మీద బోర్లించాడు. మూతికి అరచెయ్యి అడ్డుపెట్టి కిటికీలోంచి దూకేశాడు. అప్పటికింకా సేనాపతులు కత్తులు ఎక్కడ పెట్టామా అని వెతుక్కుంటూనే ఉన్నారు.

ఏడుధారల కోనలో జలపాతం నుంచి లేచే పొగమంచు ఉంటుంది. ఆ మంచులో ఈ పొగను కలిపితే రాకుమారి తిరిగి మనిషవుతుంది. అయితే అక్కడిదాకా ఆమె మిగలాలి గదా. కుండ చెమరుస్తుంది. చెమర్చబట్టే నీళ్ళు చల్లగా ఉంటాయి. ఆ గుణమే ఇప్పుడు కొంప ముంచింది. నీళ్ళు చెమర్చే సందుల్లోంచే పొగ కూడా కొంచెం కొంచెంగా చెమర్చి పోతోంది. బయలుదేరిన రోజున, గతుకుల్లో నడిపిస్తున్నావేమని దారి పొడుగునా అతన్ని తిట్టిపోసిన గొంతు, ఇప్పుడు కుండకు చెవి ఆనిస్తే గానీ వినిపించడం లేదు. ఆ తిట్లు తగ్గిపోతున్నకొద్దీ ముమ్మడి పరుగు పెంచుతున్నాడు.

చెమర్చని పాత్ర ఒకటి ఉందని, దాన్ని పెంకులకొండ మీద కాటసాని అనే ముసలమ్మ చేస్తుందని దారిలో ఒక ఉప్పు బేరగాడు చెప్పాడు. అది మట్టిదేనట, రాయిలా ఉంటుందట, ఒంటికి గాజు తొడుక్కుని ఉంటుందట. పుట్టుకతో కుమ్మరి అయిన ముమ్మడి ఆ మాట నమ్మలేదు. అయినా మరో దారి లేదు.

అతను కొండ మీద కాలు పెట్టగానే కొండ మోగింది.

ఇది మాటవరసకు అన్నది కాదు. ఆ కొండలో రాళ్ళు లేవు. కాటసానీ ఆమె శిష్యులూ ఏళ్ళ తరబడి, కుండలు కాల్చే ఆవంలో పగిలినవీ, వంకరపోయినవీ, మనసుకు పట్టనివీ విసిరేస్తూ రాగా పేరుకున్న జాడీ పెంకుల గుట్ట అది. తేనెరంగు పెంకులు, నెమలిమెడ రంగు పెంకులు, వాన వెలిసిన ఆకాశం రంగు పెంకులు. ఎండ పడిందంటే కొండంతా అప్పుడే స్నానం చేసినట్టు నిగనిగలాడుతుంది. అడుగు వేస్తే కంచు గిన్నెకు గరిటె తగిలినట్టు ఖంగుమంటుంది. చప్పుడు లేకుండా ఆ కొండ ఎక్కిన మనిషి ఇంతవరకు లేడు.

సగం దూరం ఎక్కాడో లేదో ఆకాశం మసకబారింది. కాలధూముడు వదిలిన పొగడేగలు ఒక్కుమ్మడిగా దిగాయి. వాటికి ఒళ్ళంతా పొగే, గోళ్ళు మాత్రం ఇనుము. ఒకటి కుండ మీదికి దూకి మూతి అంచును పెళుక్కున విరిచింది. విరిగిన పెంకును ముమ్మడి గాల్లోనే పట్టుకుని నడుముకు దోపుకున్నాడు, ఎందుకో అతనికే తెలియదు, కుమ్మరివాడికి తన పెంకు పారెయ్యబుద్ధి కాదు అంతే. రెండో చెయ్యి మూతికి అడ్డుపెట్టాడు. కాలు జారింది. అతనితోపాటు పెంకుల చరియ ఒకటి కదిలి కిందికి దొర్లింది. వేలాది పెంకులు ఒకదానికొకటి తగిలి లోయంతా దద్దరిల్లిపోయింది. ఆ మోతకు పొగడేగలు తట్టుకోలేక అల్లాడి, దూది పింజల్లా విడిపోయి గాలిలో కలిసిపోయాయి.

“చాలించు నాయనా,” అందొక గొంతు పైనుంచి. “నా జన్మంతా కూడబెట్టిన సొత్తు లోయలోకి దొర్లించి పోతావా ఏం?”

తలెత్తి చూస్తే ఒక ముసలమ్మ. మోచేతులదాకా తెల్లమన్ను. ముఖాన కనుబొమలు లేవు. చిన్నప్పటినుంచి ఆవం కన్నంలోకి తొంగి చూసి చూసి అవి ఎప్పుడో మాడిపోయాయి. ఆమే కాటసాని.

ముమ్మడి చెప్పినదంతా ఆమె విన్నది. తరవాత కుండను రెండు చేతుల్లోకి తీసుకుని చెవి ఆనించింది. లోపలినుంచి రాకుమారి ఏదో అంది. ఏమందని ముమ్మడి ఆత్రంగా అడిగాడు.

“నా చేతులు వెచ్చగా ఉన్నాయంటోంది,” అంది కాటసాని. “పద. ఇది ఆలస్యం చేసే పని కాదు.”

ముందుగా ఆమె చేసిన పని, కుండ మూతికి మన్ను మెత్తి, కుండను తడిమన్ను గుంతలో మెడదాకా కాదు, పూర్తిగా పాతిపెట్టడం. తడిమట్టి సందుల్ని మూస్తుంది. అది ఆరేవరకు రాకుమారి చెమర్చదు. ఆరిందంటే మాత్రం పొడిమట్టి ఆమెను పీల్చేసుకుంటుంది. ఆలోపల జాడీ తయారు కావాలి. ఇక ఆమె గొంతు వినే వీలు కూడా లేదు.

కొండ వెనక్కి తిరిగాక అతను చూసిన దృశ్యం జన్మలో మరిచిపోలేదు. అతనికి తెలిసిన ఆవం అంటే కుండలు పేర్చి, గడ్డీ పిడకలూ కప్పి, నిప్పంటించేది. ఇక్కడి ఆవం కొండ మొదలునుంచి శిఖరందాకా పాకిన ఇటుకల కొండచిలువ. అడుగున నోరు, పైన తోక. ఒంటి పొడుగునా చిన్న చిన్న కన్నాలు. దాని పక్కన బల్లల మీద జాడీలు బారులు తీరి ఉన్నాయి. ఒకదానిలో తెల్లవారుజాము ఉంది, ఒకదానిలో నిండు చెరువు ఉంది, మరొకదాని భుజం మీదినుంచి తేనె కారుతూ కారుతూ మధ్యలో ఆగిపోయినట్టుంది. ముమ్మడి వేలితో ఆ తేనెను అంటి చూశాడు. వేలికి తడి అంటలేదు. తాత ముత్తాతలనుంచి మట్టి పిసుకుతున్న వంశంలో పుట్టి, మట్టి ఇంత పని చేయగలదని తనకు ఎవరూ చెప్పలేదే అనుకున్నాడు.

తెల్లమన్ను తొక్కుతూ, పిసుకుతూ కాటసాని తన సంగతి తానే చెప్పుకొచ్చింది. ఆమె తండ్రి కూడా నీళ్ళకుండల కుమ్మరే. ఒక వేసవిలో అడవి తగలబడితే, కాలిన వాగులో ఒక బండ మీద బూడిద కరిగి గాజులా గడ్డకట్టి ఉండటం ఆమె చూసింది. రాయికి పట్టిన గాజు కుండకెందుకు పట్టదని ఆ పిల్లకు పట్టుకుంది పిచ్చి. పెళ్ళయినా వదల్లేదు, భర్త పోయినా వదల్లేదు. మంట పెంచితే కుండలు గారెల పిండిలా కూలిపోయేవి. ఊరంతా పని మానుకుని వచ్చి ఆ ముద్దల్ని చూసి నవ్వి పోయేవారు. ఎంత మంటకైనా కూలని తెల్లమన్ను దొరకడానికి ఆమె జుట్టు సగం నెరిసింది. తీరా మొదటి జాడీ కుదిరి సంతకు తీసుకుపోతే, ఆడవాళ్ళు అందులో నీళ్ళు పోసి చూసి, నీళ్ళు చల్లబడని కుండేం కుండమ్మా అని వెనక్కిచ్చేశారు.

ఒక ఇల్లాలు మాత్రం జాలిపడి తీసుకుని, అందులో ఆవకాయ పెట్టి, అటక మీద మరిచిపోయింది. ఏడాది తిరిగాక మూత తీస్తే ముక్క మొదటిరోజులాగే కరకరలాడింది. అంతే, మరుసటి సంతకు బండ్లు కట్టుకుని వచ్చారు. ఆ తరవాత నూనెలకు ఓడలవాళ్ళు, అత్తరులకు రాజులు. ఒక మహారాజు ఆమె చేతులకు బంగారు కంకణాలు తొడిగాడు. కుమ్మరి సారె మీద పనికి అడ్డం వస్తున్నాయని ఆమె ఇంటికి రాగానే తీసి మేకుకు తగిలించింది. అవి అక్కడే మసిపట్టి ఉన్నాయి.

“మరి ఇంత పేరొచ్చాక కూడా ఇన్ని జాడీలు పగలగొట్టడమెందుకవ్వా?” అని అడిగాడు ముమ్మడి.

“నేను పగలగొట్టడమేంటి. ఆవం తలుపు తీసినప్పుడల్లా అదే నాకు చెబుతుంది, నీకింకా రాలేదే అని.”

సారె తిరిగింది. ముసలిచేతుల మధ్య తెల్లమన్ను లేచి నిలబడింది. జాడీ ఒకటి కాదు, అచ్చంగా ఒకే కొలతలో రెండు చేసింది. పెంకులకొండ ఆచారం అది. ఒకటి అగ్నికి, ఒకటి మనకి. తనకేది కావాలో అగ్నే ఎంచుకుంటుంది, మనం ఎంచిపెట్టకూడదు. కొండ గుహల్లోని వేడిగాలికి రెండూ ఆరాక, తెల్లరాతి పొడీ చింతబూడిదా కలిపిన పూత తొట్టి దగ్గర ముమ్మడికి పాఠం మొదలైంది. అతను ఒక చిన్న చిప్పను పూతలో ముంచి బల్ల మీద పెట్టాడో లేదో, కాటసాని అతని వేలి కణుపుల మీద కర్రతో ఒకటిచ్చింది.

“అడుగు తుడిచావా? ఈ పూత మంటలో నీళ్ళవుతుంది. చల్లారితే రాయవుతుంది. అప్పుడు దేన్ని తాకితే దానితో ఒకటైపోతుంది. అడుగున పూత ఉంటే జాడీ ఆవంలోని పలకకు అతుక్కుంటుంది. మూత కూర్చునే అంచున ఉంటే మూత ఇంక ఈ జన్మకు రాదు. పీక తెగినా సరే, ముందు తడిగుడ్డతో అడుగు తుడువు, తరవాత ఊపిరి తీసుకో. ఈ కొండలో సగం పెంకులు తుడవడం మరిచినవాళ్ళవే.”

ఆ దెబ్బ ముమ్మడికి కణుపుల్లోనే కాదు, బుర్రలో కూడా దిగింది. కట్టెలు సరిచూసి వస్తానని ఆమె కొండ పైకి పోయింది. అతను మొదటి జాడీని పూతలో ముంచి, అడుగూ అంచూ శుభ్రంగా తుడిచి పెట్టాడు.

వెనకనుంచి కాటసాని వచ్చింది. అప్పుడే వచ్చేశావేమవ్వా అన్నాడతను. పని తొందరగా కావాలి గదా అంటూ ఆమె రెండో జాడీని అందుకుని మెడపట్టి నిలువునా తొట్టిలో ముంచింది. మూతనూ ముంచింది. తడి తడిగానే జాడీ మీద మూత పెట్టి, జాడీని బల్ల మీద పెట్టింది.

“ఆ కుండ ఎక్కడ దాచావురా అబ్బీ? నా చేతికియ్యి. నీకంటే భద్రంగా చూస్తాను.”

మన్నుగుంత వైపు చూపించబోయిన ముమ్మడి వేలు సగంలో ఆగిపోయింది. ఆమె తడిగుడ్డ అందుకుంటుందని అతను ఎదురుచూస్తున్నాడు. అందుకుంది కూడా. కానీ తుడుచుకున్నది జాడీ అడుగు కాదు, తన చేతులు.

అడుగు తుడవనిది కాటసాని కాదు, ఆమె రూపంలో వచ్చిన కాలధూముడు. మరుక్షణం అతను చేసిన పనికి మాత్రం మెచ్చుకోవాల్సిందే. ముఖంలో ఏమీ కనిపించనివ్వకుండా తల గోక్కుని, అమాయకంగా, “అదేంటవ్వా, నువ్వే చెప్పి మరిచిపోయావా?” అన్నాడు. పూత కరిగి నీళ్ళలా మెరిసే వేళకు, కన్నంలోంచి ఇనుప గొట్టంతో రాకుమారిని జాడీలోకి ఊదమన్నావు గదా, పొగకు నిప్పంటే భయం లేదన్నావు గదా, అప్పటిదాకా కుండ సంగతి ఎత్తవద్దని ఒట్టు వేయించుకున్నావు గదా అని లేనిది కల్పించి గుర్తుచేశాడు.

“అవునవును,” అంది ఆమె మెల్లగా. “ఏ జాడీలోకి?”

“నువ్విప్పుడు ముంచినదానిలోకే.”

ఆమె తల ఊపి బయటికి నడిచింది. ఆమె పోయినవైపు ఒక్క పెంకు కూడా మోగలేదు.

కాసేపటికి ఖంగు ఖంగున అడుగులు మోగించుకుంటూ అసలు కాటసాని దిగివచ్చింది. జరిగింది విని ఆమె ముందుగా చేసింది ఆ జాడీని ఎత్తి అడుగు చూడటం. అడుగు తుడవకుండా నా బల్ల మీద పెట్టాడా దరిద్రుడు అని ఒళ్ళు మండి నాలుగు తిట్టింది. తరవాత జాడీని అటూ ఇటూ తిప్పి చూసింది. చివరికి బోసినోటితో చిన్నగా నవ్వింది.

“దీన్ని ఇలాగే కాలుద్దాం,” అంది. “కాకపోతే రాకుమారిని మింగడానికి వాడు పొగలా మారి దూరేందుకు సందుండాలి. దూరాక ఉండకూడదు. పూత కరిగేదాకా నిలిచి, ఆపైన కరిగిపోయే మన్ను కావాలి. నా మన్ను కరగదే.”

ముమ్మడి నడుములోంచి విరిగిన కుండ అంచు తీశాడు. ఏటి ఒండ్రుతో చేసిన ఎర్రటి పెంకు. ఈ మంటకు నీళ్ళకుండలు పిండిలా కూలిపోతాయని ఆమే గదా చెప్పింది. ఆ పెంకును మూత కింద ఒక పక్కన దోపితే మూత సన్నని సందు వదిలి నిలబడింది.

జాడీలు రెండూ కన్నానికి ఎదురుగా పలక మీద కుదురుకున్నాయి. ఆవం వాకిలి ఇటుకలతో మూసి, తెల్లవారుతూనే నిప్పు రాజేశారు. తుమ్మ మొద్దులు వేస్తూనే ఉన్నారు. మొదట ఎర్రని మంట, పైన నల్లని పొగ. తరవాత పసుపు. చివరికి పొగ పూర్తిగా ఆగిపోయి, కొండచిలువ తోకలోంచి వెలుగు ఒక్కటే పైకి లేచింది. ఆవం ఊపిరి తీస్తున్నట్టు సన్నగా రొద చేస్తోంది. కన్నంలోంచి చూడమని కాటసాని సైగ చేసింది.

ముమ్మడి చూశాడు. లోపల మంట లేదు, నీడ లేదు. అంతా వెలుగే. ఆ వెలుగులో జాడీలు నిలబడి ఉన్నాయి, మట్టితో చేసినట్టు లేవు, వెలుతురునే చేత్తో తిప్పి నిలబెట్టినట్టున్నాయి. వాటి ఒంటి మీద పూత కరిగి తళతళలాడుతూ నెమ్మదిగా కదులుతోంది. ఏ దేవుడి పేరు తలుచుకోవాలో అతనికి తోచలేదు. చేతులు వాటంతట అవే జోడించుకున్నాయి.

“ఇంక కానియ్యి,” అంది కాటసాని.

అతను ఇంకొక కుండలో సాంబ్రాణి రాజేసి, ఆ నీలిపొగను గొట్టంతో మూత సందు వైపు ఊదాడు. ఊదిన మరుక్షణం ఆకాశంలోంచి ఒక నల్లని పొగచార దిగింది. వేడి పైకి ఎగదన్నుతుంటే దానికి ఎదురీది, ఆవం తోకలోంచి లోపలికి పాకింది. కన్నం ముందు తెల్లని వెలుగులో ఒక కాలనాగు లేచినట్టయింది. అది జాడీ చుట్టూ ఒక చుట్టు తిరిగి, సందు చూసుకుని, జరజరా లోపలికి దిగిపోయింది.

ఎర్ర పెంకు అప్పటికే మెత్తబడి ఉంది. అది ఒక పక్కకు వంగింది, వాలింది, బెల్లంపాకంలా కారిపోయింది. మూత నిదానంగా వచ్చి అంచు మీద కూర్చుంది. చుట్టూ పూత వచ్చి కలుసుకుంది. లోపలివాడు స్వయంగా, తన రెండు చేతులతో, తుడవకుండా వదిలిన పూత అది. పొగకు దూరడానికి సందు కావాలి, నెట్టడానికి చేతులు లేవు.

కొంతసేపు ఏమీ లేదు. తరవాత కన్నంలోంచి హేమావళి గొంతు వినిపించింది.

“ముమ్మడీ, కాలిపోతున్నాను. నన్ను బయటికి తియ్యి. నీ కాళ్ళు పట్టుకుంటాను.”

అచ్చం ఆ గొంతే. రాకుమారి మన్నుగుంతలో ఉందని తెలిసీ ముమ్మడి చెయ్యి ఇటుక మీదికి పోయింది. నిజంగా గుంతలోనే ఉందా, ఎప్పుడైనా జారి ఇటు వచ్చిందా అన్న అనుమానం అతన్ని కోసేసింది. కానీ ఆ గొంతు మళ్ళీ బతిమాలింది. అప్పుడతని చెయ్యి వెనక్కి వచ్చింది. నెత్తిన మోసుకొచ్చిన ఇన్నాళ్ళలో హేమావళి అతన్ని తిట్టింది, ఆజ్ఞాపించింది, ఒకసారి నవ్వించింది. బతిమాలడం మాత్రం ఆమెకు రాదు.

కాటసాని ఇనుప కొక్కెంతో కన్నంలోంచి చిన్న మట్టి ఉంగరం ఒకటి బయటికి లాగింది. పూత ఎంతవరకు వచ్చిందో చెప్పడానికి జాడీల పక్కన పెట్టిన ఉంగరం అది. నీళ్ళలో ముంచి ఎండకు పట్టి చూసింది. అందులో ఆకాశం కనిపించింది. చాలు అని ఆమె అన్ని కన్నాలూ మూసేసింది.

ఇక మిగిలింది ఎదురుచూడటం. అన్నిటికంటే కష్టమైన పని అదే. వేడి మీద తలుపు తీస్తే చల్లగాలి తగిలి జాడీ పగులుతుంది. తియ్యకుండా కూర్చుంటే అవతల గుంతలో మన్ను ఆరుతోంది. ముమ్మడి గుంత దగ్గరికీ ఆవం దగ్గరికీ కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. మన్ను మీద తెల్లగా పొర కట్టింది. నీళ్ళు చల్లాడు. అంచుల వెంట బీటలు వచ్చాయి. పూడ్చాడు. కొండ కింద నల్లకంబళ్ళు కప్పిన కాలధూముడి దండు దిగి, యజమాని సైగ కోసం కాచుకుని ఉంది. ఇప్పుడైనా తియ్యవ్వా అని అతను ఎంత వేడుకున్నా కాటసాని కదల్లేదు. ఆవం గోడకు అరచెయ్యి ఆనించి కూర్చుంది. ఆ చెయ్యి ఎప్పుడు భరించగలిగితే అప్పుడే తలుపు.

మర్నాడు మధ్యాహ్నం తిరిగాక కొండ కిందినుంచి ఒక్క పెంకు ఖంగుమంది. తరవాత పది. తరవాత కొండ కింది భాగమంతా మోగడం మొదలెట్టింది. యజమాని సైగ రాలేదని దండు ఎక్కుతోంది.

కాటసాని గోడ మీదినుంచి చెయ్యి తీసి, “ఇప్పుడు,” అంది.

ఇటుకలు లాగారు. లోపలినుంచి వెచ్చని గాలి, దానితోపాటు చిటపటమని సన్నని గంటలు మోగినట్టు చప్పుడు. చల్లారే పూత పాడే పాట అది. ముమ్మడి మొదటి జాడీని బయటికి తీశాడు. తొలకరి మబ్బు వచ్చి అతని చేతుల్లో వాలినట్టుంది. భుజాల మీద నీలం, దిగేకొద్దీ పచ్చదనం, అడుగున అతను తుడిచినచోట మట్టి నగ్నంగా, నిజాయితీగా కనిపిస్తోంది. కానీ అందం కాదు ఇప్పుడు కావలసింది. కాటసాని వేలి కణుపుతో జాడీని తట్టింది. పగులు ఉంటే చప్పుడు చెక్కను తట్టినట్టుంటుంది. జాడీ మోగింది. ఎంతసేపు మోగిందంటే, కొండ కింద మోతలో కూడా విడిగా వినిపించింది. ముసలమ్మ కళ్ళు చెమర్చాయి.

“వచ్చిందిరా నాయనా,” అంది. “ఇన్నేళ్ళకు.”

రెండో జాడీ లోపలే ఉంది. ఈసారి అగ్ని తనకేది కావాలో గట్టిగానే ఎంచుకుంది. అడుగు పలకతో, మూత అంచుతో, పలక ఆవం గోడతో ఒకటైపోయాయి. చెవి ఆనిస్తే లోపల ఏదో బుసలు కొడుతోంది.

“దీన్ని ఊడదీయాలంటే పగలగొట్టాలి,” అంది కాటసాని. “పగిలితే వాడొస్తాడు. మళ్ళీ మంట పెడితే పూత కరుగుతుంది, అప్పుడూ వస్తాడు. ఇంక ఈ ఆవానికి సెలవు.”

జీవితమంతా ధారపోసి కట్టుకున్న ఆవం. ఆమె ముసలి ఎద్దు వీపు నిమిరినట్టు ఆవం గోడను ఒకసారి నిమిరి, వాకిలికి ఇటుకలు తిరిగి పేర్చడం మొదలుపెట్టింది. ఇంకొకటి కట్టుకుంటాను, ఇటుకలు చేయడం నాకెవరూ నేర్పక్కర్లేదు, నువ్వు గుంత తవ్వు అని అతన్ని కసిరింది.

మన్ను రాయిలా గట్టిపడింది. గోళ్ళతో తవ్వి కుండను తీశాడు. కుండ మూతిని జాడీ మూతికి ఆనించి, అంచుల చుట్టూ తడిగుడ్డ చుట్టి, కుండ అడుగున కణుపుతో కొట్టి కన్నం చేసి ఊదాడు. అగరువత్తి ఆరిపోయాక చివర లేచే పాటి నీలితీగ ఒకటి జాడీలోకి జారింది. అంతే. ఇంకేమైనా వస్తుందేమోనని మళ్ళీ ఊదాడు. ఏమీ రాలేదు. మూత పెట్టి మైనం కరిగించి పోశారు. అమ్మగారూ అని పిలిచాడు. జవాబు లేదు.

“అవ్వా, ఇంతేనా మిగిలింది?”

“నాకేం తెలుసు. మోసుకుపో. వెనక దారి పట్టు.” ఆమె దండు వైపు చూసింది. కొంగు బిగించి, పెంకుల చరియ అంచున కాలు మోపింది. “నా జన్మంతా కూడబెట్టిన సొత్తు దొర్లించక తప్పేలా లేదు.”

ముమ్మడి పరుగెత్తాడు. వెనక కొండ సగం కూలినంత మోత, దానిలో మనుషుల కేకలు. అతను వెనుదిరగలేదు. ముళ్ళపొదలు, వాగు, దానిపైన ఇరుకు కనుమ. నెత్తి మీద జాడీ బరువుగా, చల్లగా, మౌనంగా ఉంది. ఒక్క తిట్టు వినపడితే చాలునని అతను అడగని దేవుడు లేడు. కనుమలో దారి రెండుగా చీలినచోట ఆగి, జాడీని దించి, భయం భయంగా కణుపుతో తట్టాడు. మోగింది, ఆగింది. మళ్ళీ తట్టాడు. మోగింది, ఆగింది. చెవి ఆనించాడు. తన గుండె చప్పుడే తనకు వినిపించింది. అక్కడే కూలబడి, ముఖం జాడీకి ఆనించి చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.

అప్పుడు జాడీ దానంతట అదే మోగింది.

“ముమ్మడీ.” గొంతు కుండలో ఉన్నప్పటిలా పలచగా లేదు. రాతిగోడల మధ్య నిలబడి పిలిచినట్టు నిండుగా, గుండ్రంగా ఉంది. “ఎన్నిసార్లు తడతావు? సంతలో బేరానికి పెట్టిన సరుకునా నేను? లే. కుడివైపు దారిలో తరిమేవాళ్ళ గుర్రాలు వస్తున్నాయి, నాకు వినిపిస్తోంది. ఏడుధారల కోనకు ఎడమ దారినే పోదాం. ఈసారైనా గతుకులు చూసి నడువు.”

అలాగే అమ్మగారూ, తిట్టండి అన్నాడు ముమ్మడి, కన్నీళ్ళు తుడుచుకోకుండానే. జాడీని నెత్తికెత్తుకుని ఎడమవైపు చీకటి కోనలోకి దిగిపోయాడు. దారి పొడుగునా ఆమె తిడుతూనే ఉంది.